పామాయిల్ మిల్లు నీళ్ళకి ఆలివ్ మిల్లు పద్ధతి పనిచేస్తుందా? శుక్రవారంలోగా నా మాట చెప్పాలి

బెజవాడ_కెమిస్ట్:

అందరికీ నమస్కారం. నాది విజయవాడ, సత్యనారాయణపురం. ఏలూరు అవతల ఒక పామాయిల్ మిల్లులో ల్యాబ్, ఈటీపీ (మురుగు నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు) రెండూ నేనే చూసుకుంటాను. బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక ఈ పనిలోకి వచ్చి ఏడేళ్ళయింది.

మా మిల్లు గంటకి 20 టన్నుల గెలలు ఆడుతుంది. సీజన్‌లో రోజుకి 16 గంటలు నడిస్తే దాదాపు 200 కిలోలీటర్ల మురుగు నీళ్ళు వస్తాయి. గెలల్ని ఆవిరితో ఉడికించే స్టెరిలైజర్ నుంచి దిగేవి, నూనెని తేర్చే క్లారిఫయర్ అడుగు నుంచి తీసేవి ఎక్కువ. ముదురు గోధుమ రంగు, గంజిలా చిక్కదనం, చెయ్యి పెట్టలేనంత వేడి. పీహెచ్ నాలుగున్నర, సీఓడీ (నీళ్ళలోని మలినాన్ని మందుతో కాల్చడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకి 50 వేల మిల్లీగ్రాములకి అటూ ఇటూ. ఊళ్ళో డ్రైనేజీ నీళ్ళకి ఐదారు వందలు ఉంటుంది. అంటే మా నీళ్ళు ఒక్క బకెట్ కాలువలో పడితే వంద బకెట్ల డ్రైనేజీ పడినట్టు.

ఇప్పుడున్నది పాత ఏర్పాటే. నూనె తేలగట్టి తీసే ఆయిల్ ట్రాప్, చల్లార్చే గుంట, గాలి లేకుండా బ్యాక్టీరియా పనిచేసే రెండు అనరోబిక్ గుంటలు, గాలి కొట్టే ఏరేషన్ ట్యాంకు, చివర ఒక పాలిషింగ్ గుంట. మొదటి అనరోబిక్ గుంట బురదతో సగానికి పైగా పూడిపోయింది. బయటికి వదిలే నీళ్ళలో బీఓడీ (మలినాన్ని తినడానికి బ్యాక్టీరియా వాడుకునే ఆక్సిజన్) లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు, తోటలకి పారించాలంటే 100 దాటకూడదు. వానలు మొదలైనప్పటి నుంచి నాకు ఆ 100 కూడా అందడం లేదు. అందుకని వదలకుండా మళ్ళీ మొదటి గుంటకే పంపు కొట్టిస్తున్నాను. గుంటలు అంచుల దాకా ఉన్నాయి.

ఈ పరిస్థితిలో మా మేనేజర్ గారు ఒక వెండర్‌ని పిలిచారు. వాళ్ళు ఇటలీలో ఆలివ్ నూనె మిల్లుల నీళ్ళు శుద్ధి చేస్తున్న పద్ధతి ఇక్కడ పెడతామంటున్నారు. నీళ్ళలో యాసిడ్ పోసి పీహెచ్ మూడుకి దించడం, ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయడం, తర్వాత సున్నం, ఆ పైన మెంబ్రేన్ (అతి సన్నటి రంధ్రాల వడపోత పొర). బ్రోచర్‌లో రెండు గ్లాసులున్నాయి, ఒకదాంట్లో నల్లటి నీళ్ళు, రెండోదాంట్లో తాగేలా ఉన్న నీళ్ళు. ఖర్చు కోట్లలో. "ఆలివ్ అయినా పామ్ అయినా నూనె మిల్లు నీళ్ళే కదా, నువ్వు చూసి శుక్రవారంలోగా చెప్పు" అన్నారు మేనేజర్ గారు.

నేను ఆలివ్ కాయని సూపర్ మార్కెట్ సీసాలో తప్ప చూడలేదు. రెండు నీళ్ళూ ఒకటేనా? వెండర్‌ని ఏమేం అడగాలి? ఈ పనిలో చెయ్యి పెట్టినవాళ్ళు చెప్తారని అడుగుతున్నాను.

నాకు ఇంత టెన్షన్ ఎందుకో కూడా చెప్పాలి. ఇంతకుముందు వేరే మిల్లులో చేసేదాన్ని. ఒక శ్రావణ మాసంలో రాత్రంతా వాన పడి అనరోబిక్ గుంట గట్టు జారిపోయింది. నల్లటి నీళ్ళు పక్కనున్న బోదెలోకి, అక్కడి నుంచి ఒక రైతు చేపల చెరువులోకి వెళ్ళాయి. తెల్లవారకముందే నాకు ఫోను వస్తే బాటిళ్ళ పెట్టె పట్టుకుని పరుగెత్తాను. బొచ్చెలు, శీలావతులు నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. బీఓడీ బాటిల్‌లో ఆ నీళ్ళు పట్టి రెండు మందులూ వేశాను. నీళ్ళలో ఆక్సిజన్ ఉంటే అడుగున గోధుమ రంగు ముద్ద కూర్చోవాలి. అది పాల విరుగుడులా తెల్లగా కూర్చుంది. ఆక్సిజన్ సున్నా అన్నమాట. ఆ రైతు నా చేతిలోని బాటిల్ వైపే చూస్తూ "ఏమొచ్చిందమ్మా?" అని అడిగాడు. తొమ్మిదింటికల్లా చెరువంతా తెల్లటి పొట్టలు తేలాయి. ఆ గట్టు మెత్తబడిందని అంతకు నెల ముందే రిజిస్టర్‌లో రాశాను. రాసి ఊరుకున్నాను, వెళ్ళి గట్టిగా చెప్పలేదు. ఈసారి అలా జరగనివ్వను.

గుంటూరు_రిఫైనరీ:

అమ్మా, నేను గుంటూరులో పత్తిగింజల నూనె రిఫైనరీలో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఆలివ్ నాకు తెలియదు కానీ పెరాక్సైడ్ లెక్క తెలుసు. అదొక్కటి చెప్తాను, మీ మేనేజర్ గారికి చూపించండి.

ఒక కిలో సీఓడీని పెరాక్సైడ్‌తో పూర్తిగా కాల్చాలంటే కాగితం మీద లెక్క ప్రకారమే 2.125 కిలోల పెరాక్సైడ్ కావాలి. మీవి రోజుకి 200 కిలోలీటర్లు, లీటరుకి 50 గ్రాములు. అంటే రోజుకి 10 టన్నుల సీఓడీ. దానికి 21 టన్నుల పైచిలుకు పెరాక్సైడ్. బయట దొరికే సగం గాఢత సరుకైతే 42 టన్నులు. రోజుకి! నాలుగు లారీలు గేటు ముందు నిలబడాలి. సగం సీఓడీయే తీస్తామన్నా రెండు లారీలు. దాని మీద పీహెచ్ దించడానికి యాసిడ్, ఎత్తడానికి సున్నం, మిగిలే ఇనుప బురద. ఆ బురద ఎక్కడ పోస్తారో కొటేషన్‌లో ఉందా చూడమ్మా.

అలాగని ఆ మందు చెడ్డదని కాదు. మీ నీళ్ళు అనరోబిక్, ఏరేషన్ అన్నీ దాటి చివరికి 400 సీఓడీ దగ్గర ఆగి, ఎంతకీ దిగకుండా రంగు పట్టుకుని ఉన్నాయనుకోండి. అక్కడ వాడితే 80 కిలోల సీఓడీకి 170 కిలోల పెరాక్సైడ్. అది జరిగే పని. మొదట పెడితే మిల్లు మునుగుతుంది, చివర పెడితే ఉపయోగపడుతుంది.

ఇంకొక మాట. పెరాక్సైడ్ వేసిన నీళ్ళకి వెంటనే సీఓడీ టెస్టు పెట్టొద్దు. టెస్టులో వేసే డైక్రోమేట్ మిగిలిపోయిన పెరాక్సైడ్‌ని కూడా తినేస్తుంది, రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. మా దగ్గర ఇలాగే ఒక వారం తలలు పట్టుకున్నాం.

సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడతామంటే మాత్రం జాగ్రత్త. మేము నూనె శుద్ధి చేశాక మిగిలే సబ్బు మడ్డిని ఆ యాసిడ్‌తోనే విరగ్గొట్టేవాళ్ళం. ఆ నీళ్ళు అనరోబిక్‌లోకి పోతే సల్ఫేటు అంతా కుళ్ళిన గుడ్డు వాసనగా మారేది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కిటికీలు మూసుకుని పడుకునేవారు. వాళ్ళ ముందు తలెత్తుకుని నడవలేకపోయాను నేను.

తెనాలి_టు_స్ఫాక్స్:

నమస్తే అండీ. మాది తెనాలి, ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాను. ట్యునీషియాలో స్ఫాక్స్ దగ్గర ఆలివ్ మిల్లులో మూడు సీజన్లు డికాంటర్ మెషిన్ల (గిర్రున తిప్పి నూనెని వేరుచేసేవి) మెయింటెనెన్స్ చేశాను. మీరడిగింది నేను కళ్ళారా చూసిన విషయం కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

ఆలివ్ నీళ్ళని అక్కడ మర్జీన్ అంటారు. స్పెయిన్‌లో ఆల్పెచిన్, గ్రీసులో కాట్సిగారోస్, పాలస్తీనాలో జీబార్. ప్రతి దేశంలోనూ దానికి సొంత పేరుందంటే ఎంతకాలంగా బాధపడుతున్నారో చూడండి. పాతకాలం రోమన్లు అముర్కా అనేవారు. ధాన్యం నూర్చే కళ్ళాన్ని దాంతో తడిపి గట్టిపరిచేవారట, గడ్డి మొలవకుండా, చీమలు పట్టకుండా. మనం కళ్ళాన్ని పేడతో అలికినట్టే. కానీ పేడ వేసిన చోట గడ్డి బాగా వస్తుంది, అముర్కా పోసిన చోట రాదు. రెండు నీళ్ళకీ తేడా ఎక్కడుందంటే అక్కడే ఉంది.

ఆలివ్ కాయ చెట్టు మీద నుంచి కోసి కొరికితే వేపకాయే నయం అనిపిస్తుంది. ఆ చేదంతా ఫినాల్ జాతి పదార్థాలు. అవి నూనెలో కన్నా నీళ్ళలో బాగా కరుగుతాయి. కాయలోని ఫినాల్స్‌లో నూనెలోకి వెళ్ళేది నూటికి రెండు పాళ్ళు మాత్రమే, మిగతాదంతా నీళ్ళలోకి, పిప్పిలోకి పోతుంది. మిల్లు నుంచి వచ్చేటప్పుడు మర్జీన్ ఊదా కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. గాలి తగిలాక ఆ ఫినాల్స్ ఒకదానికొకటి అతుక్కుని నల్లగా మారిపోతాయి. నేను మొదటి సీజన్‌లో తెలియక బట్టల మీద పడేసుకున్నాను, ఆ చొక్కా మళ్ళీ తెల్లబడలేదు. సీఓడీ 40 వేల నుంచి రెండు లక్షల దాకా కూడా చెప్తారు. అంత తిండి ఉన్న నీళ్ళు కదా, బ్యాక్టీరియా ఎగబడి తినాలి. తినలేదు. గ్యాస్ చేసే బ్యాక్టీరియాని ఆ ఫినాల్స్ దెబ్బ కొడతాయి. పైగా ఆ నీళ్ళలో నైట్రోజన్ తక్కువ. అందుకే వాళ్ళు పశువుల పేడ కలిపి డైజెస్టర్‌కి (గాలి చొరబడని గ్యాస్ ట్యాంకుకి) పెడతారు, లేదా ముందు పెరాక్సైడ్ లాంటి మందులతో ఫినాల్స్‌ని విరగ్గొట్టి ఆ తర్వాత బ్యాక్టీరియాకి అప్పగిస్తారు. మీ వెండర్ చెప్పే పద్ధతి పుట్టింది ఆ జబ్బుకి. ఇంకొకళ్ళ ప్రిస్క్రిప్షన్ చూపించి మందులు కొనుక్కుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

మీ పామ్ నీళ్ళకి ఆ జబ్బు లేదు. చివర్లో కొంత రంగు మిగులుతుంది, కానీ ఆలివ్ అంత ఫినాల్ ఉండదు. మీకున్నవి వేరే మూడు: వేడి, తేలే నలకలు, నూనె. ఆ నూనెని లీటరుకి కొన్ని వందల మిల్లీగ్రాములకి దించి, వేడిని 38 డిగ్రీల దగ్గరికి తెస్తే మీ నీళ్ళంత ఇష్టంగా బ్యాక్టీరియా తినే నీళ్ళు తక్కువ. గుంటూరు పెద్దాయన చెప్పిన ఆ 10 టన్నుల సీఓడీలో ఎనిమిది టన్నులు అనరోబిక్‌లో పోయిందనుకోండి. కిలోకి 0.35 ఘనపు మీటర్ల మీథేన్ చొప్పున రోజుకి 2,800 ఘనపు మీటర్లు. ఇంజన్‌కి పెడితే పది వేల యూనిట్ల దగ్గర కరెంటు. అదే పది టన్నుల్నీ బ్లోయర్లతో గాలి కొట్టి తీయాలంటే కిలోకి అర నుంచి ఒక యూనిట్ ఎదురు కట్టాలి. ఇన్నాళ్ళూ ఆ గ్యాస్ మీ గుంటల మీద బుడగలుగా పోతోంది. పీచు, పెంకు బాయిలర్‌కి సరిపోతున్నాయి కాబట్టి ఎవరూ దాని మొహం చూడలేదు.

ఇక అక్కడ నేను చూసి నేర్చుకున్నది ఇంకొకటి. స్పెయిన్‌లో 1980ల మొదట్లో ఆల్పెచిన్ నదుల్లో వదలకూడదని ఆపేశారు. అప్పుడు ఊరూరా ఎండబెట్టే గుంటలు తవ్వారు. వాసన, దోమలు, గుంటలు కారడం. తర్వాత 1990ల్లో చాలా మిల్లులు డికాంటర్లే మార్చేశాయి. పాత మూడు దారుల మెషిన్‌లో వేడి నీళ్ళు కలిపి తిప్పాలి, నూనె ఒకవైపు, పిప్పి ఒకవైపు, నీళ్ళు ఒకవైపు వస్తాయి. టన్ను కాయకి ఘనపు మీటరు దాకా నీళ్ళు. రెండు దారుల మెషిన్‌లో నీళ్ళు దాదాపు కలపరు, నూనె ఒకటి, తడి పిప్పి ఒకటి. మురుగు నీళ్ళ సమస్య అక్కడికక్కడే తగ్గింది. దానికి బదులు బురద లాంటి పిప్పి ఆరబెట్టే కష్టం వచ్చిందనుకోండి, అయినా నది బతికింది. అంటే అక్కడ పెద్ద మార్పు తెచ్చింది ఈటీపీ కాదు, మిల్లు లోపలి మెషిన్. మీరు కూడా క్లారిఫయర్‌లో ఎన్ని నీళ్ళు కలుపుతున్నారు, నేల కడిగే పైపులు ఎన్ని గంటలు తెరిచి ఉంటాయి అని ముందు కొలవండి. మీటరు లేకపోతే డ్రమ్ము పెట్టి గడియారం చూసుకోండి.

చివరిది గుంటల సంగతి. స్ఫాక్స్ చుట్టూ పెద్ద పెద్ద మర్జీన్ గుంటలున్నాయి. వాళ్ళకి కాయ నవంబరులో మొదలై చలికాలంలో అయిపోతుంది, తర్వాత ఎండాకాలమంతా గుంటలు ఎండుతాయి. ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అడుగున నల్లటి పెచ్చు మిగులుతుంది. కొంత ట్యాంకర్లతో తోటల్లో చల్లుతారు. ఇటలీలో దీనికి 1996లోనే చట్టం చేశారు, హెక్టారుకి ఏడాదికి పాత గానుగ నీళ్ళయితే 50 ఘనపు మీటర్లు, డికాంటర్ నీళ్ళయితే 80, అంతకు మించకూడదు. ట్యునీషియాలో 50. అక్కడి తోటల్లో చెట్టుకీ చెట్టుకీ 24 మీటర్ల దూరం, హెక్టారుకి 17 చెట్లు, ఇసుక నేల. ఆ ఖాళీలో ట్యాంకరు చల్లుకుంటూ పోతుంది. మనకి ఏమో గెలలు వానాకాలంలోనే ముమ్మరంగా వస్తాయి, గుంటలు నిండేదీ అప్పుడే, ఆకాశం నుంచి నీళ్ళు పడేదీ అప్పుడే. ఎండబెట్టే గుంట అన్న మాట ఎవరైనా ఎత్తితే ఒప్పుకోకండి. మీరు చెప్పిన ఆ గట్టు జారింది కూడా అందుకే కదండీ.

కొల్లేటి_గట్టు:

చెల్లెమ్మా, కైకలూరు దగ్గర మాకు చెరువులున్నాయి. మిల్లుల లెక్కలు నాకు తెలియవు. బుడమేరు, తమ్మిలేరు, మీ కాలువలు అన్నీ తిరిగి తిరిగి కొల్లేటికే వస్తాయని మాత్రం తెలుసు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజాము నాలుగింటికి అసలే ఆక్సిజన్ పడిపోయి ఏరేటర్లు వేసుకుని కూర్చుంటాం. ఆ సమయంలో పైనుంచి మిల్లు నీళ్ళు వస్తే మాకు గంట టైము కూడా ఉండదు. మీ గుంట గట్టు ఎప్పుడైనా మెత్తబడితే ముందు కింద ఉన్న రైతులకి ఒక ఫోన్ చేయించండి. తూము దించుకుంటాం. ఆ ఒక్క ఫోనుకి ఏ మెషినూ అక్కర్లేదు.

బెజవాడ_కెమిస్ట్:

అందరికీ చాలా థాంక్స్. కొల్లేటి అన్నగారూ, మీ మాట చదివి మధ్యాహ్నం అన్నం సయించలేదు. మా గుంటల కిందున్న బోదె ఎవరెవరి చేల మీదుగా వెళ్తుందో నిన్న సూపర్‌వైజర్‌తో కలిసి నడిచి చూశాను. ఏడుగురు రైతులు. వాళ్ళ నంబర్లు రాసి ఈటీపీ గదిలో తలుపు వెనక అతికించాను. సెక్యూరిటీ వాళ్ళకి కూడా ఒక కాపీ ఇచ్చాను.

పెరాక్సైడ్ లెక్క తెల్ల కాగితం మీద వేసి మేనేజర్ గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు క్యాలిక్యులేటర్ కొట్టుకుని చూసి, వెండర్‌కి అక్కడే ఫోన్ చేశారు. బ్రోచర్‌లోని ఆ రెండు గ్లాసుల మధ్య ఎన్ని దశలున్నాయి అని అడిగితే, ఆ మొదటి గ్లాసు నీళ్ళు అప్పటికే డైజెస్టర్ దాటి వచ్చినవని తేలింది. నేను అడిగింది ఒక్కటే: మా నీళ్ళ మీద చేసి చూపించండి, మా ల్యాబ్‌లో, నా ఎదురుగా. చూద్దామన్నారు. శుక్రవారం సంతకం ఆగింది.

ఇప్పుడు నాకు నలభై రోజులు టైము ఇచ్చారు. తెనాలి అన్నా, మా నీళ్ళని బ్యాక్టీరియా ఇష్టంగా తింటుందన్నారు కదా, అది నేను రుజువు చేసి చూపించాలి. డబ్బు అడగకుండా ఎలా చెయ్యను?

తెనాలి_టు_స్ఫాక్స్:

రెండు ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు తీసుకోండి. మీ రెండో గుంట అడుగు నుంచి, అంటే ఇంకా బుడగలు వస్తున్న చోటి నుంచి, నల్లటి బురద నీళ్ళు ఒక్కోదాంట్లో 15 లీటర్లు పోయండి. మూతకి రెండు రంధ్రాలు, ఒకదాంట్లో మేత, అంటే బ్యాక్టీరియాకి తిండిగా మీ మిల్లు నీళ్ళు పోసే గొట్టం, అది బురద లోపలికి మునిగి ఉండాలి. రెండోది గ్యాస్ గొట్టం. ఆ గొట్టాన్ని నీళ్ళతో నింపి బోర్లించిన బాటిల్ కిందికి పెట్టండి, గ్యాస్ వచ్చిన కొద్దీ నీళ్ళు దిగుతాయి, దిగినంత మీ గ్యాస్. ఎం సీల్‌తో అంచులు బాగా మూసేయండి. మొదటి వారం ఏమీ పెట్టొద్దు. తర్వాత రోజూ ఒకే టైముకి 250 మిల్లీలీటర్లు తీసి, 250 పోయండి. మొదటి క్యాన్‌కి నూనె తీసేసి చల్లార్చిన నీళ్ళు, రెండోదానికి ఇప్పుడు మీ గుంటకి ఎలా పోతున్నాయో అలాగే. లెక్క ప్రకారం రోజుకి ఐదు లీటర్ల పైన గ్యాస్ రావాలి. పీహెచ్, ఆల్కలినిటీ (పులుపుని తట్టుకునే శక్తి), వోలటైల్ యాసిడ్స్ (బ్యాక్టీరియా మధ్యలో తయారుచేసే పులుపు) రాసుకోండి. యాసిడ్, ఆల్కలినిటీల నిష్పత్తి 0.3 లోపు ఉంటే ఫర్వాలేదు. 0.4 దాటితే మేత ఆపేయండి. పులిసిపోయిన మజ్జిగని మళ్ళీ పెరుగు చెయ్యలేం.

గ్యాస్ దగ్గర అగ్గిపుల్ల గియ్యొద్దు, చూడాలనిపిస్తే బాటిల్‌ని బయటికి దూరంగా తీసుకెళ్ళండి.

గుంటూరు_రిఫైనరీ:

ఒకటి కలుపుతాను. సీఓడీకి శాంపిల్ కనీసం వంద రెట్లు పలచన చెయ్యమ్మా. లేకపోతే మరిగించడానికి (రిఫ్లక్స్) పెట్టిన పది నిమిషాలకే డైక్రోమేట్ నారింజ రంగు పోయి ఫ్లాస్కు ఆకుపచ్చగా మారుతుంది, నువ్వు టైట్రేషన్ చేసేదేమీ ఉండదు. పలచన చేసేటప్పుడు సీసా బాగా కుదిపి, వెడల్పు నోరున్న పిపెట్‌తో తీయి. మామూలు పిపెట్ కొనలో నలకలు ఇరుక్కుని అసలు సీఓడీ కన్నా తక్కువ చూపిస్తుంది. తక్కువ చూపించిన రీడింగే మనిషిని మోసం చేస్తుంది.

బెజవాడ_కెమిస్ట్:

నలభై నాలుగో రోజు. ఆలస్యానికి క్షమించండి, మధ్యలో నాలుగు రోజులు అమ్మకి జ్వరం, మా ల్యాబ్ అసిస్టెంట్ అమ్మాయి రోజూ టైముకి మేత పోసింది. ఆ అమ్మాయి లేకపోతే ఈ పని జరిగేది కాదు.

మొదటి క్యాన్, అంటే నూనె తీసి చల్లార్చిన నీళ్ళు పోసినది: రెండో వారం నుంచి గ్యాస్ రోజుకి నాలుగు లీటర్లు, నాలుగో వారం నుంచి ఐదుకి కాస్త పైన. పీహెచ్ 7.1 దగ్గర కదలకుండా ఉంది. పోసే నీళ్ళ సీఓడీ 51 వేలు, తీసే నీళ్ళది 8,600. పంపు లేదు, బ్లోయర్ లేదు, ఒక్క మందు చుక్క వేయలేదు.

రెండో క్యాన్ మొదటి పది రోజులు దానితో సమానంగానే నడిచింది. తర్వాత పైన పసుపుపచ్చని గట్టి పొర కట్టడం మొదలైంది. తెల్లారి చూస్తే బురద ఆ పొరకి అంటుకుని పైకి తేలుతోంది. గ్యాస్ రెండు లీటర్లకి పడింది, పీహెచ్ 6.2, వాసన కుళ్ళిన వెన్నలా మారింది. మూడో వారంలో మేత ఆపేశాను. ఆ క్యాన్ చూడగానే నాకు అర్థమైంది, అది మా మొదటి గుంటే. ఏడాదిగా నేను బురద పూడిందనుకున్నదంతా నూనె పట్టి తేలిన బ్యాక్టీరియా.

మరి ఆ నూనె ఎక్కడి నుంచి వస్తోంది? ఆయిల్ ట్రాప్ కొలతలు తీశాను. కట్టినప్పుడు గంటకి 10 టన్నుల మిల్లు కోసం కట్టారు. తర్వాత మిల్లు రెండింతలైంది, ట్రాప్ అలాగే ఉండిపోయింది. నీళ్ళు నిలబడే టైము లేక నూనె నీళ్ళతోనే వెళ్ళిపోతోంది. మేనేజర్ గారికి రెండు క్యాన్లూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన రెండో క్యాన్ మీది పొరని కర్రతో కదిపి, "ఇది మనం అమ్ముకోవలసిన నూనె కదమ్మా" అన్నారు.

డ్రమ్ము పెట్టి నీళ్ళు కూడా కొలిచాం. నేల కడిగే మూడు పైపులకి కొస నాజిల్ లేక పొద్దస్తమానం పారుతున్నాయి. నాజిల్స్ పెట్టాక రోజుకి 18 కిలోలీటర్లు తగ్గింది.

వెండర్ వాళ్ళు వచ్చారు. వాళ్ళ మందు మొదటి క్యాన్ నుంచి వచ్చిన నీళ్ళని ఏరేషన్ చేశాక వేస్తే రంగు నిజంగానే పోయింది, ఆ మాట ఒప్పుకోవాలి. గుంటూరు బాబాయ్ గారు చెప్పినట్టు దాన్ని చివర్లో పెట్టడం గురించి వచ్చే ఏడాది మాట్లాడుకుందామన్నాం.

కొత్త ఆయిల్ ట్రాప్‌కి గుంత తవ్వకం సోమవారం మొదలవుతుంది. మొదటి గుంట మీది పొర తీయించి ఖాళీ గెలల కుప్పలో కలిపి కంపోస్టుకి పెడుతున్నాం. గట్టు లోపలివైపు నల్లరేగడి వేయించి కొట్టించాం, రెండడుగులు ఎత్తు పెంచాం. గుంటలో అంచుకి రెండడుగుల కిందికి ఎర్ర రంగు గీత గీయించాను. నీళ్ళు ఆ గీత తాకితే మిల్లు ఆపాలని మేనేజర్ గారి సంతకంతో కాగితం తీసుకున్నాను. దాని కింద ఏడుగురు రైతుల నంబర్లు ఉన్నాయి.

తెనాలి అన్నా, ఒక సందేహం. మొదటి గుంటని మళ్ళీ నడిపించడానికి మొదటి క్యాన్‌లోని బురద 15 లీటర్లు ఏ మూలకీ సరిపోవు కదా. రెండో గుంట నుంచి ఎంత బురద తెచ్చి వేస్తే మేత మొదలుపెట్టొచ్చు? ఒకేసారి 200 కిలోలీటర్లూ పెట్టనా, పాతిక నుంచి మొదలుపెట్టి పెంచనా?

తెనాలి_టు_స్ఫాక్స్:

పాతికతోనే మొదలుపెట్టండి. గుంట నీళ్ళలో ఐదో వంతుకి తక్కువ కాకుండా మంచి బురద వెయ్యండి. నిష్పత్తి 0.3 లోపు వారం రోజులు నిలబడితేనే ఇంకో పాతిక పెంచండి. మిగతా నీళ్ళు అప్పటిదాకా రెండో గుంటకి పంపండి, దాన్ని మాత్రం కంటికి రెప్పలా చూసుకోండి. వచ్చే ఆదివారం నేను విజయవాడ వస్తున్నాను. మేనేజర్ గారు ఒప్పుకుంటే మీ క్లారిఫయర్ ఒకసారి చూస్తాను, నా స్పానర్లు తెచ్చుకుంటాను.